‘కాలు జారి పడ్డారు’ అని నేను రాసుకున్నాను: తుంటి ఆపరేషన్ తరువాత ఒక రోగి, ఒక ఫిజియోథెరపీ అసిస్టెంట్

ఈ కేసులో రోగి 72 ఏళ్ల పురుషుడు. రాత్రి మూత్రానికని లేచి, మంచానికి నాలుగడుగుల దూరంలోనే కుప్పకూలారు. కుడి తొడ ఎముక మెడ భాగం విరిగి పక్కకు జరగడంతో, మరునాడు శస్త్రచికిత్స చేసి విరిగిన బంతి భాగాన్ని తొలగించి దాని స్థానంలో లోహపు బంతిని అమర్చారు. దీనినే హెమీ ఆర్థ్రోప్లాస్టీ అంటారు. శస్త్రచికిత్స సాఫీగా జరిగింది, గాయం శుభ్రంగా మానింది. ఆ దృష్టితో చూస్తే ఇందులో రాయవలసిన విశేషమేమీ లేదు. రాయవలసి వచ్చినది మరొకందుకు. ఆయన అసలు ఎందుకు పడ్డారన్నది ఫిజియోథెరపిస్ట్‌గా నేను దాదాపు గంటసేపు చేసిన తొలి పరీక్షలో బయటపడలేదు. నేను రాసిచ్చిన చికిత్సా ప్రణాళికను అమలు చేస్తున్న ఫిజియోథెరపీ అసిస్టెంట్ చేయించిన నాలుగో సెషన్‌లో అది బయటపడింది. రోగి అనుమతితో, ఆయనను గుర్తుపట్టగల వివరాలు తొలగించి ఈ కేసును ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ముందుగా ఎవరి పని ఏమిటో చెప్పుకోవాలి, లేకపోతే తరువాత జరిగినది సరిగా అర్థం కాదు. రోగిని తొలిసారి పరీక్షించడం, సమస్యను నిర్ధారించడం, లక్ష్యాలు నిర్ణయించడం, ప్రణాళిక రాయడం, అవసరమైతే దానిని మార్చడం, చికిత్స ముగించడం ఫిజియోథెరపిస్ట్ బాధ్యతలు. ఆ ప్రణాళిక పరిధిలో వ్యాయామాలు చేయించడం, మంచం మీది నుంచి కుర్చీలోకి మార్చడం, నడక నేర్పడం, కీలు వంగే కోణాలూ నాడీ రక్తపోటూ కొలవడం, రోగికీ ఇంటివారికీ జాగ్రత్తలు బోధించడం, ప్రతి సెషన్‌కూ రోగి ఎలా స్పందించారో కేస్ షీటులో రాయడం అసిస్టెంట్ పని. మంచం సర్దే, వాకర్ తెచ్చిపెట్టే హెల్పర్‌కూ అసిస్టెంట్‌కూ తేడా తెలియని వైద్యులు ఇప్పటికీ ఉన్నారు. ఈ ఉద్యోగం చదువూ పరీక్షా గల ప్రత్యేక వృత్తిగా అమెరికాలో రూపుదిద్దుకుంది. అక్కడి ఫిజికల్ థెరపీ అసోసియేషన్ 1967లో దీనికి విధివిధానాలు ఏర్పరచగా, 1969లో తొలి జట్టు కోర్సు పూర్తి చేసి బయటికి వచ్చింది. ఏయే పనులు అసిస్టెంట్‌కు అప్పగించవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఇక్కడ నేను చెప్పే సరిహద్దులను ఎవరికి వారు తమ నిబంధనలతో సరిచూసుకోవాలి.

శస్త్రచికిత్స జరిగిన మరునాటి ఉదయం నేను ఆయనను పరీక్షించాను. కదలకుండా పడుకున్నప్పుడు నొప్పి పదికి 4, కదిలితే 7 అన్నారు. పడుకున్న స్థితి నుంచి మంచం అంచున కూర్చోవడానికి ఒక మనిషి గట్టిగానే సాయం పట్టవలసి వచ్చింది. వాకర్‌తో లేచి నిలబడి ఆరు మీటర్లు నడిచి, ఇక చాలన్నారు. కోత తుంటి వెనుక నుంచి వేశారు గనుక మూడు నిషేధాలు వర్తిస్తాయి: తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదు, ఆ కాలిని శరీర మధ్యరేఖ దాటించకూడదు, లోపలి వైపు తిప్పకూడదు. ఆ కాలి మీద ఓర్చుకోగలిగినంత బరువు మోపవచ్చని సర్జన్ అనుమతించారు. ఆయన వాడే మందుల్లో రక్తపోటుకు రెండు మాత్రలు, వాటిలో ఒకటి మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది, ప్రోస్టేట్ సమస్యకు రాత్రిపూట టామ్సులోసిన్ ఉన్నాయి. ఈ మందుల పేర్లు నా చేతిరాతతోనే కేస్ షీటులో ఉన్నాయి. ఎలా పడ్డారని అడిగితే, ‘చీకట్లో కాలు జారిందండీ’ అన్నారు. ‘కాలు జారి పడ్డారు’ అని రాసుకున్నాను. రక్తపోటును పడుకోబెట్టి ఒక్కసారే చూశాను, 136/80 ఉంది. నిలబెట్టి చూడలేదు. రాత్రి లేచిన వెంటనే పడిన మనిషి, నిలబడినప్పుడు రక్తపోటు పడిపోయేలా చేయగల ఆ మందుల జాబితా, రెండూ ఒకే పేజీలో కళ్ళెదుట ఉండగా నిలబెట్టి చూడకపోవడం నా లోపమే.

ప్రణాళికలో రోజుకు రెండు సెషన్లు, మడమల కదలికలు, తొడ ముందు కండరాలు బిగించడం, పిరుదు కండరాలు బిగించడం, కుర్చీలో నుంచి లేవడం, వాకర్‌తో నడక రాశాను. నడక దగ్గర ‘ఓర్చుకోగలిగినంత మేరకు దూరం పెంచాలి’ అన్నాను. మేమందరం అలవాటుగా రాసే వాక్యం ఇది. ఏది ఓర్చుకోవడం, ఏది ఓర్చుకోలేకపోవడం అన్నది ఇందులో లేదు. రాసేవారికి సులువుగా ఉండే ఈ వాక్యం, అమలు చేసేవారి నెత్తిన తీర్పు భారాన్ని మోపుతుంది, ఆ తీర్పుకు కావలసిన అధికారాన్ని మాత్రం ఇవ్వదు.

అసిస్టెంట్‌కు ఈ పనిలో ఎనిమిదేళ్ల అనుభవం ఉంది. ఆమె ఒక రోగిని లేపే తీరును చూస్తే ఈ పనిలో నైపుణ్యం ఎక్కడుందో తెలుస్తుంది. ముందు కుర్చీ ఎత్తు చూస్తుంది, ఎందుకంటే తక్కువ ఎత్తు కుర్చీలో కూర్చుంటే తుంటి 90 డిగ్రీలు దాటుతుంది. నడుముకు బెల్టు కట్టి, రెండు వేళ్లు దూరేంత వదులుందో లేదో చూసి, అరచేయి పైకి ఉండేలా కింది నుంచి పట్టుకుంటుంది. రోగిని కుర్చీ అంచుకు జరిపి, ఆపరేషన్ కాలిని కొద్దిగా ముందుకు చాపిస్తుంది. వాకర్‌ను పట్టుకుని పైకి లాక్కోనివ్వదు, కుర్చీ చేతుల మీద ఆనించి లేవమంటుంది. ఇవన్నీ చేస్తూ ఆమె చూసేది కాళ్ల వైపు కాదు, ముఖం వైపు. ఇది నేను ఆ తరువాత శ్రద్ధగా గమనించిన విషయం. నా మటుకు నేను ఇన్నేళ్లుగా కాళ్లనే చూస్తూ వచ్చాను.

రెండో సెషన్ తరువాత ఆమె రాసిన నోటులో ఈ వాక్యాలున్నాయి: ‘నిలబడ్డాక సుమారు పది సెకన్లు కదలకుండా ఉండిపోయారు. అడిగితే నొప్పి అన్నారు. ముఖం కొద్దిగా పాలిపోయినట్టుంది. ఎనిమిది మీటర్లు నడిచారు.’ నేను దానిని చదివాను. నొప్పి అన్న మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. సెషన్‌కు అరగంట ముందు నొప్పి మాత్ర అందేలా నర్సుతో మాట్లాడి, సమస్య తీరిందనుకున్నాను. ఆ సాయంత్రం మూడో సెషన్‌లో లేచేటప్పుడు నొప్పి 3కి తగ్గింది, నిలబడ్డాక ఆ పది సెకన్ల ఆగడం మాత్రం తగ్గలేదు. నొప్పి కాదని ఎందుకు అనిపించిందని మరునాడు నేను అడిగినప్పుడు ఆమె ఇచ్చిన సమాధానం చాలా సూటిగా ఉంది: ‘నొప్పి వల్లే ఆగుతున్నట్లయితే నొప్పి తగ్గినప్పుడు ఆగడమూ తగ్గాలి కదండీ.’

మూడో రోజు ఉదయం, నాలుగో సెషన్‌కు ఆమె బీపీ పరికరం వెంట తీసుకుని వెళ్లింది. హెల్పర్‌ను చక్రాల కుర్చీతో వెనుక నిలబెట్టుకుంది. పడుకుని ఉండగా రక్తపోటు 138/82, నాడి 76. మంచం అంచున కూర్చున్న ఒక నిమిషానికి 126/78, నాడి 84. నిలబడిన ఒక నిమిషానికి 106/68, నాడి 96. నిలబడిన మూడు నిమిషాల లోపు పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ అంతకు మించి గానీ పడిపోతే దానిని నిలబడినప్పటి రక్తపోటు పతనంగా పరిగణిస్తాము. ఇక్కడ ఒక్క నిమిషంలోనే 32, 14 చొప్పున పడిపోయాయి. మూడో నిమిషం కొలత కోసం ఆమె ఆగలేదు, పెద్దాయన వాకర్ పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి, కళ్ళు ఒకచోట నిలిచిపోయాయి. వెంటనే కూర్చోబెట్టి, ఆ పైన మంచం మీదికి చేర్చి పడుకోబెట్టింది. రెండు నిమిషాల తరువాత తేరుకున్న ఆయన తనంతట తానే అన్నారు: ‘ఏం లేదమ్మా, కళ్ళు చీకట్లు కమ్మాయంతే. ఆ రాత్రీ ఇలాగే అయింది.’

ఆ వాక్యాన్ని ఆమె యథాతథంగా, ఆయన మాటల్లోనే కేస్ షీటులో రాసింది. కాలు జారలేదా అని అడిగిందట. ‘ముందు కళ్ళు మసకబారాయి, తరువాతే కాలు ఎటు పడిందో తెలియలేదు. డాక్టర్లు ఎలా పడ్డావంటే కాలు జారిందనే చెప్పాను, నిజమే కదా’ అన్నారట. ఆయన అబద్ధం చెప్పలేదు. నేను ఒక ప్రశ్న అడిగాను, ఆయన ఆ ప్రశ్నకు జవాబిచ్చారు. మొదటి రోజు నొప్పిలో ఉన్న మనిషి, రాతపలక పట్టుకుని ఎదురుగా నిలబడిన అపరిచితుడికి ఇంతకంటే చెప్పరు. రోజూ రెండు పూటలా తనను లేపి నిలబెట్టే మనిషికి, అదే లక్షణం మళ్లీ ఒంట్లో ఉన్నప్పుడు చెప్పారు. పైగా నాలుగు సెషన్లకూ వెళ్లింది ఒకే అసిస్టెంట్. పూటకొకరు మారే పద్ధతిలో రెండో సెషన్‌లోని పాలిపోయిన ముఖాన్నీ మూడో సెషన్‌లో తగ్గిన నొప్పినీ పక్కపక్కన పెట్టి చూసేవారు ఉండరు.

ఇక్కడ ఆమె ఏమి చేయలేదన్నది కూడా రాయాలి. మందుల వల్లే ఇలా అవుతోందని రోగితో అనలేదు. ఆ పూట నడకను రద్దు చేసింది, పడుకుని చేసే వ్యాయామాలకు కూడా నా మాట కోసం ఆగింది. నర్సుకు అంకెలు చెప్పి, నాకు ఫోన్ చేసింది. చికిత్సను ఆపే అధికారం అసిస్టెంట్‌కు ఎప్పుడూ ఉంటుంది, దిశ మార్చే అధికారం ఉండదు. ఈ గీతను కొందరు చిన్నచూపుగా తీసుకుంటారు. ఆమె మాత్రం దీనిని పనిముట్టులా వాడుకోవడం నేను చూశాను: తన పరిధిలోని కొలతలను పూర్తిగా, పొల్లు పోకుండా తీసుకుంటుంది కాబట్టి, పరిధి బయటి నిర్ణయానికి కావలసిన ఆధారం ఫోన్ ఎత్తేసరికి సిద్ధంగా ఉంటుంది.

నేను ఆ మధ్యాహ్నమే తిరిగి పరీక్షించాను. అంకెలు దాదాపు అలాగే వచ్చాయి. రక్తపోటు పడిపోయినప్పుడు నాడి 20 పెరగడం వల్ల, నరాల స్పందన పూర్తిగా దెబ్బతిన్న స్థితి కాదని, రక్తనష్టం, ఒంట్లో నీరు తగ్గడం, మందులు ఈ మూడింటి వైపు ముందు చూడాలని వైద్యుడు భావించారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువగా, 9.1 వచ్చింది. తుంటి ఆపరేషన్ అయిన వృద్ధుల్లో తొలి రోజుల్లో ఇలాంటి పతనం అరుదేమీ కాదు కాబట్టి, అంకెలను మాత్రమే చూసి ఉంటే నాలుగు రోజుల్లో సర్దుకుంటుందిలే అని వదిలేసే అవకాశం ఉండేది. ‘ఆ రాత్రీ ఇలాగే అయింది’ అన్న మాటే ఆ వాదనకు తావు లేకుండా చేసింది, ఎందుకంటే ఆ రాత్రికి ఇంకా ఆపరేషన్ జరగలేదు, రక్తమూ పోలేదు. వైద్యుడు మూత్రం పోయే మాత్రను ఆపి, టామ్సులోసిన్ కొనసాగించాలా వద్దా అన్నది యూరాలజిస్టుతో చర్చించి, దానినీ తాత్కాలికంగా నిలిపివేశారు. ద్రవాలు పెంచారు.

ప్రణాళికను నేను మళ్లీ రాశాను, ఈసారి అంకెలతో. నిలబెట్టే ముందు ప్రతిసారీ మడమలను 30 సార్లు పైకీ కిందికీ ఆడించాలి, మంచం అంచున రెండు నిమిషాలు కూర్చోబెట్టాలి, నిలబడ్డాక ఒక నిమిషం ఉన్నచోటే కాళ్లు మార్చి మార్చి ఎత్తించాలి, ఆ తరువాతే అడుగు వేయించాలి. లక్షణాలతో పాటు పై అంకె 20 పడినా, లక్షణాలు లేకపోయినా పై అంకె 100 కంటే దిగినా, నాడి 120 దాటినా, నొప్పి 6 మించినా ఆపి కూర్చోబెట్టి నాకు చెప్పాలి. ఈ హద్దులు ఈ రోగికి, ఈ మందులకు, వైద్యునితో మాట్లాడి పెట్టుకున్నవి, మరొకరికి ఉన్నవి ఉన్నట్టుగా వాడదగినవి కావు.

ఇందులోనూ నా వల్ల ఒక పొరపాటు జరిగింది. నిలబడినప్పుడు రక్తపోటు పడిపోయే రోగులకు ఇచ్చే మా ముద్రిత కాగితాన్ని ప్రణాళికకు జతచేశాను. కళ్ళు తిరుగుతున్నట్టు అనిపిస్తే కాళ్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసి తొడలు బిగించండి అన్నది అందులో రెండో సూచన. రక్తాన్ని పైకి తోయడానికి అది నిజంగా పనికొచ్చే ఉపాయమే. అయితే వెనుక కోత వేసిన తుంటికి అడ్డంగా కాలు వేయడమే నిషిద్ధం, బంతి గుంటలో నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. అసిస్టెంట్ ఆ కాగితాన్ని రోగికి ఇవ్వకుండా నా దగ్గరకు తెచ్చి, ‘ఈ రెండోది ఈయనకు ఎలా చెప్పమంటారు?’ అని అడిగింది. ఆ వాక్యాన్ని కొట్టేసి, పిడికిళ్లు బిగించడం, పిరుదులు బిగించడం, పట్టుకుని నిలబడి మడమలు ఎత్తడం అని రాసిచ్చాను. తనే కొట్టేసి ఇచ్చినా ఫలితం అదే అయ్యేది కదా అనిపించవచ్చు. అప్పుడు ఆ కాగితంలోని లోపం నాకు తెలిసేది కాదు, తరువాతి రోగికీ అదే వెళ్లేది.

ఐదో రోజు నుంచి సెషన్లలో ఒక భాగాన్ని రాత్రి లేచి మూత్రానికి వెళ్లే నడకకు కేటాయించాము. పగటి వెలుగులో నలభై మీటర్లు నడిచిన మనిషి, రాత్రి నిద్రమత్తులో నాలుగడుగుల దూరం క్షేమంగా వెళ్తారన్న హామీ ఏదీ లేదు. అసిస్టెంట్ గదిలో తెరలు వేసి, చిన్న దీపం మాత్రం ఉంచి, నిద్ర లేచినట్టుగా పడుకున్న స్థితి నుంచి మొదలుపెట్టించింది. అప్పుడు తెలిసింది, ఆయన వాకర్‌ను మంచానికి కుడివైపు పెట్టుకుంటున్నారని. కుడి పాదం నేల మీద ఆనించి కుడివైపుకు నడుము తిప్పి దానిని అందుకోబోతే, కదలని తొడ ఎముక మీద కటి భాగం తిరిగి, ఆ తుంటి లోపలి వైపు తిరిగినట్టే అవుతుంది. మూడు నిషేధాలనూ గడగడ అప్పజెప్పే రోగి, చీకట్లో మూడోదాన్ని తెలియకుండానే ఉల్లంఘిస్తున్నారు. వాకర్‌ను ఎదురుగా, చేయి చాపితే అందేలా పెట్టడం నేర్పింది. ఆయన చేత చెప్పించుకోవడంతో సరిపెట్టుకోకుండా, మూడు సార్లు చేయించి చూసింది. మూత్రపాత్రను మంచం పక్కన ఉంచుకోమన్న సలహాకు మాత్రం ఆయన చాలాసేపు ఒప్పుకోలేదు. మొదటి ఆరు వారాలకు మాత్రమే అన్న షరతు మీద ఒప్పుకున్నారు.

ఎనిమిదో రోజు ఇంటికి పంపాము. అప్పటికి నిలబడినప్పుడు పై అంకె పతనం 12కి తగ్గింది, కళ్ళు చీకట్లు కమ్మడం మూడు రోజులుగా లేదు. కుర్చీలో నుంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చునే పరీక్షకు వాకర్‌తో 34 సెకన్లు పట్టింది. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అన్న పద్ధతిలో, చేయిపట్టు ఆధారంగా ఐదు మెట్లు ఎక్కి దిగారు. వాకర్ ఎప్పుడు వదిలేయవచ్చని కుమారుడు ఆమెను రెండు మూడు సార్లు అడిగారు. ఆ నిర్ణయం ఫిజియోథెరపిస్ట్ చేయాలని చెప్పి, ఆ ప్రశ్నను ప్రతిసారీ తేదీతో సహా నాకు రాసింది. ఆరు వారాలకు చేతికర్రతో అదే పరీక్ష 19 సెకన్లకు, పన్నెండు వారాలకు కర్ర లేకుండా 13 సెకన్లకు వచ్చింది. ఈ మధ్య ఒకసారి స్నానం చేసి లేచినప్పుడు కళ్ళు మసకబారితే వెంటనే కూర్చున్నానని చెప్పారు, అంటే సమస్య పూర్తిగా పోలేదు. మూత్రం పోయే మాత్రను మళ్లీ మొదలుపెట్టలేదు. టామ్సులోసిన్ స్థానంలో యూరాలజిస్టు వేరే మందు ఇచ్చారు.

ఒక్క కేసుతో పెద్ద సిద్ధాంతాలు చేయకూడదు. అసిస్టెంట్ కొలవకపోయినా, రెండు మూడు రోజుల్లో మరొకరెవరో గమనించి ఉండవచ్చు. అంతకంటే ముందు ఆయన మళ్లీ పడిపోయి ఉండనూ వచ్చు. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది రెండో సెషన్ నోటు. సమాచారం అందలేదని నేను అనలేను, అందింది. నాలుగు వాక్యాల్లో నాకు నచ్చిన వివరణ ఉన్న ఒక్క వాక్యాన్ని పట్టుకుని మిగతావాటిని వదిలేశాను. అప్పటి నుంచి, అసిస్టెంట్ నోటు మీద సంతకం పెట్టే ముందు, అందులో నా వివరణకు ఇమడని మాట ఏదైనా ఉందా అని వెతుక్కుంటున్నాను. వారానికి రెండుసార్లు ఒక సెషన్‌లో అసిస్టెంట్‌తో పాటు నేనూ నిలబడుతున్నాను. రోగుల సంఖ్య ఎక్కువైన వారాల్లో ఇది ఒక్కసారికి పడిపోతుంది, దానికి పరిష్కారం నా చేతిలో లేదు.

మా పరీక్షా పత్రంలో ‘ఎలా పడ్డారు?’ అన్న ప్రశ్న ఉన్నచోట ఇప్పుడు రెండు ప్రశ్నలున్నాయి: ‘లేచిన ఎంతసేపటికి పడ్డారు?’, ‘పడే ముందు ఏమనిపించింది?’ రెండోది అసిస్టెంట్ సూచించినది. ఈ రోగి కేస్ షీటు మొదటి పేజీలో ‘కాలు జారి పడ్డారు’ అన్న నా మాట అలాగే ఉంది. రాసినదానిని చెరపకూడదన్నది నియమం. పక్కన తేదీ వేసి, మూడో రోజు నాలుగో సెషన్ నోటు చూడండి అని చేర్చి, సంతకం చేశాను.